పల్లికి గజ్జి లేదు

పల్లి బాగుంది. ఈ ముక్క ముందే రాసేస్తున్నాను. ఎవరైనా తమ కుక్క జబ్బు గురించి రాసింది కనబడితే నేను నేరుగా చివరి పేరాకు పోయి, అది బతికిందో లేదో చూసుకుని, అప్పుడు మొదటికి వస్తాను. మీకు ఆ శ్రమ వద్దు. బతికింది. పొట్ట మీద బొచ్చు మళ్లీ మొలిచింది. నయం కానిది నా కోపం ఒక్కటే. దాన్ని నయం చేసుకోవాలని కూడా నాకు లేదు.

వేయించిన పల్లీ గింజ రంగులో ఉంటుంది కాబట్టి పల్లి. జాతి కుక్క కాదు. శంషాబాద్‌లో మేం కిరాయికి ఉన్న ఇంటి ముందర, మోరీ కోసం తెచ్చి వదిలేసిన సిమెంటు పైపులో పుట్టింది. తోబుట్టువులు ఒక్కొక్కటే బండ్ల కింద పడి పోయాయి. ఇది మాత్రం మా గడప దాటి లోపలికి వచ్చి, అమ్మ కుట్టు మిషన్ కింద పడుకుంది. అమ్మ తిట్టింది. మర్నాడు పాత లంగా మడిచి మిషన్ కింద పరిచింది.

అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. నాన్న ఎయిర్‌పోర్టు పనివాళ్లను చేరవేసే బస్సు నడుపుతాడు. నేను ఒక సరుకు గోదాములో బిల్లులు కొడతాను. మాది కింద వాటా. పైన ఓనరమ్మ. ఆమె భర్త ఎప్పుడూ ప్లాట్ల బేరాల మీద తిరుగుతుంటాడు, ఇంటి పెత్తనమంతా ఈమెదే. నేను మనుషులతో ఎక్కువ మాట్లాడను. ఆఫీసులో పని, ఇంట్లో పుస్తకం, పడుకునే ముందు డైరీలో నాలుగు వాక్యాలు, మధ్యలో పల్లి. అంతే నా రోజు.

జూలై

వానలు పడుతుండగానే మా గల్లీలో కొత్త సీసీ రోడ్డు వేశారు. రోడ్డు ఆరిన రోజే ఓనరమ్మ మెట్ల మీద నిలబడి చెప్పింది.

"చూడు పిల్లా, ఇగ గీ గల్లీల నీ కుక్కను తిప్పకు. కొత్త రోడ్డు ఖరాబ్ జేస్తది. ఎనక వెంచర్ లేదా? గాడికి తీస్కపో. గాడ నా జాగనే ఉన్నది, ఎవలేమనరు."

ఎదురు చెప్పడం నాకు రాదు. తలూపి తీసుకెళ్లాను. వెంచర్ అంటే ముందర ఒక ఆర్చి, సున్నం పూసిన హద్దురాళ్లు, రేటు పెరగాలని కొని వదిలేసిన ప్లాట్లు. వానకు పిచ్చిమొక్కలు నా నడుం దాకా లేచాయి. సన్నటి చీలికల ఆకులు, బియ్యపు గింజల్లాంటి తెల్లపూలు. పల్లికి ఆ చోటు తెగ నచ్చింది. ఆ మొక్కల్లోకి దూరితే తోక కొస తప్ప ఏమీ కనబడేది కాదు. పైన విమానం దిగుతుంటే తల ఎత్తి మొరిగేది. నేను హద్దురాయి మీద కూర్చుని పుస్తకం తీసేదాన్ని. ఎవరూ పలకరించని చోటు కాబట్టి నాకూ నచ్చింది.

నెలాఖరుకు అది పాదాలు నాకడం మొదలుపెట్టింది. మొదట పట్టించుకోలేదు. తర్వాత పొట్ట, తొడల లోపలి వైపు, చంకలు, మూతి కింద. పగలంతా మిషన్ చప్పుడు ఆగినప్పుడల్లా దాని నాలుక చప్పుడు వినబడేది. గీరి గీరి చర్మం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. ఒక రకమైన పులిసిన వాసన మొదలైంది. ఒళ్లోకి తీసుకుంటే నా చేతి కింద కూడా దాని కాలు గాలిలో గీరుతూనే ఉండేది. దురదను నొప్పి అని ఎవరూ అనరు. నేను అంటాను.

ఆగస్టు

ఆ మాట మొదట అన్నది ఓనరమ్మే. "గజ్జి లేసింది దానికి."

తర్వాత గల్లీ మొత్తం అదే మాట. కిరాణా కొట్టులో, పాల ప్యాకెట్ల దగ్గర, నేను ఆఫీసు బస్సు కోసం నిలబడిన చోట. గజ్జి కుక్క. నిన్నటిదాకా బిస్కెట్లు వేసిన పిల్లలు రాళ్లు వేశారు. వాళ్ల తల్లులు చూస్తూ ఊరుకున్నారు. ఒకామె నన్నే ఆపి, "నీకు గిట్ల అంటలేదా? పెండ్లి గావాల్సిన పిల్లవు" అని నా మెడ వంక చూసింది. నేను చున్నీ సర్దుకుని వచ్చేశాను. ఇంటికి వచ్చాక ఆమెకు చెప్పాల్సిన జవాబులు ఎన్నో తట్టాయి. అన్నీ డైరీకి పనికొచ్చాయి, ఆమెకు కాదు.

సలహాలకు కొదవ లేదు. వేపాకు మరిగించిన నీళ్లు, పసుపు, పెరుగు, గంధకం, బట్టల సబ్బు. అమ్మ కొన్ని చేసింది. డెటాల్ కలిపిన నీళ్లతో స్నానం చేయించిన రోజు పల్లి గోడకు ఒళ్లు రాసుకుని ఏడ్చింది. కుక్కలు ఏడవవు అనేవాళ్లు ఆ రోజు మా ఇంట్లో లేరు.

ఆ తర్వాత కాక వచ్చాడు. నాన్న తమ్ముడు. షాద్‌నగర్ దారిలో లారీల మెకానిక్ షెడ్డు నడుపుతాడు. నేను పనిలో ఉన్నప్పుడు వచ్చాడు, చేతిలో డబ్బా. నేను ఇంటికి వచ్చేసరికి వాకిట్లో నల్లటి కుక్క ఒకటి వణుకుతూ నిలబడి ఉంది. కళ్లను బట్టి పల్లి అని పోల్చుకున్నాను.

"ఏంది కాకా ఇది?"

"ఇంజన్ ఆయిల్ బిడ్డా. లారీలకెళ్లి తీసిన పాతది. గజ్జికి గిదే మందు. ఊర్ల ఎన్ని కుక్కలకు పూసినం! వారం దినాల్ల బొచ్చు నిగనిగ."

"ఆ కుక్కలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"గిప్పుడు నాకేమెరుక? ఏడనో ఉంటయ్."

అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను చూస్తుండగానే పల్లి తన పాదం నాకింది. నూనె నాకింది. తుడవబోతే మరింత పాకింది. పొద్దు గూకకముందే వాంతులు మొదలయ్యాయి. మూతికి నల్లటి నురుగు.

రాజేంద్రనగర్ వైపున్న జంతువుల దవాఖానకు బయలుదేరాం. ఆటోలు ఆగాయి, పల్లిని చూసి కదిలిపోయాయి. "సీటు ఖరాబైతదమ్మా" అని ఒకడు, "ఛీ" అని ఒకడు. చివరికి కాకే తన ట్రాలీ ఆటోలో ఎక్కించుకున్నాడు. దారంతా "మంచికే జేసిన గద" అంటూనే ఉన్నాడు. నేను వెనక పల్లి తల ఒళ్లో పెట్టుకుని, ముందున్న కాక వీపును చూస్తూ కూర్చున్నాను. మంచికే చేశానన్న మాట విన్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఆ వీపే కనబడుతుంది.

వెయిటింగ్ హాల్లో ఒక తెల్లటి బొచ్చుకుక్క యజమానురాలు కుర్చీ జరుపుకుంది. "అంటుకుంటుందా?" అని నన్ను కాదు, కాంపౌండర్‌ను అడిగింది. పక్కన మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన ఏమీ అడగలేదు. నున్నటి నేల మీద పల్లి కాళ్లు జారుతుంటే భుజం మీది తువ్వాల తీసి దాని కింద పరిచాడు. అది తెల్లటి తువ్వాల. నల్లగా అయిపోయింది. నేను తడబడుతూ ఏదో అనబోతే, "ఉతికితే పోతది తియ్" అన్నాడు.

డాక్టరమ్మ కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ఆయిల్ చూసి మెత్తదనం పోయింది.

"ఎవరు పూశారండీ ఇది?"

కాక గోడ మీది పోస్టర్ చదవడం మొదలుపెట్టాడు.

"ఇది విషం. చర్మంలోంచి కొంత, నాలుకతో కొంత లోపలికి పోతుంది. లివర్ పోతుంది. వాసనకు పురుగులు పారిపోతాయని పూస్తారు, ఆ తర్వాత కుక్కే పోతుంది. అప్పుడు గజ్జితో పోయిందంటారు."

బొచ్చు గీసేశారు. కడిగారు. సెలైన్ పెట్టారు. బొచ్చు లేని పల్లి ఇంత చిన్నదా అనిపించింది. ఎముకల గూడు, చెవులు, కళ్లు. సెలైన్ సీసా కింద కూర్చున్న ఆ పూట అది చచ్చిపోతుందని నేను నిర్ణయించేసుకున్నాను. ఎవరెవరి ఇంటి ముందు నిలబడి ఏమేం అరవాలో కూడా నిర్ణయించుకున్నాను. జీవితంలో ఎవరి ముందూ గొంతెత్తని నేను.

సెప్టెంబర్

పల్లి తేరుకుంది. డాక్టరమ్మ చర్మం గీకి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూసి చెప్పింది.

"గజ్జి పురుగు లేదమ్మా. గోమార్లు లేవు, పిడుదులు లేవు. ఒకసారి చూడండి, వీపు శుభ్రంగా ఉంది. పొట్ట, చంకలు, పాదాలు, మూతి, అంటే నేలకు, మొక్కలకు తగిలే చోటే మచ్చలు. ఏదో తగిలి ఒంటికి పడటం లేదు. గీరడం వల్ల పైన ఇన్‌ఫెక్షన్ చేరింది, వాసన దానిదే. మందులిస్తాను, తగ్గుతుంది. కానీ తగిలేది ఏమిటో మీరే కనిపెట్టాలి, లేకపోతే మళ్లీ వస్తుంది."

పల్లికి గజ్జి లేదు. ఆ వాక్యం పట్టుకుని ఇంటికి వచ్చాను. ఎవరికి చెప్పాలి? అమ్మ నమ్మింది. నాన్న "డాక్టర్లు అట్లనే అంటరు" అన్నాడు. నాన్న ఎప్పుడూ చివరగా మాట్లాడినవాళ్ల వైపు ఉంటాడు, చివరగా మాట్లాడింది ఓనరమ్మ. గల్లీకి చెప్పే గొంతు నాకు లేదు.

పల్లి మెడకు ప్లాస్టిక్ గిన్నె కట్టారు, నాకకుండా. అది గుమ్మాలకు తట్టుకుంటూ, నీళ్ల గిన్నెను తోసేస్తూ తిరిగేది. పక్కింటి రజియా ఆంటీ గోడ మీదుగా చూసి పాత మెత్తటి లుంగీ విసిరింది. "నమాజు చేస్త గదా బేటా, దాన్ని ముట్టలేను. గీ బట్ట కట్టు పొట్టకు. బిచారీ, ఎంత పరేషాన్ అయితుందో." గజ్జి మాట పుట్టాక గల్లీలో పల్లి వైపు విసిరిన వాటిలో రాయి కానిది అదొక్కటే.

మందులు వాడినన్ని రోజులూ దాన్ని ఇంట్లోనే ఉంచాం. అవసరాలన్నీ వెనక మోరీ దగ్గరే. తగ్గింది. కొత్త చర్మం గులాబీ రంగులో వచ్చింది. సంబరపడి మళ్లీ వెంచర్‌కు తీసుకెళ్లాను. నాలుగు రోజులు తిరక్కుండానే పాదాలు నాకడం మొదలు. మళ్లీ ఎరుపు, మళ్లీ వాసన. ఇంట్లో గొడవ. నాన్న పళ్లెం ముందు నుంచి లేచిపోయాడు. అమ్మ, "అది ఉంటె ఇంట్ల ఎవలకు సుఖం లేదు" అంది. అన్నాక మిషన్ కిందికి చూసింది.

బతుకమ్మ రోజులు

బతుకమ్మను పేర్చే గునుగు పూల కోసం ఆడవాళ్లు వెంచర్ల మీద పడే రోజులు. ఓనరమ్మ తన ప్లాటులో గునుగు మంచిగా లేచిందని గొప్పగా చెప్పుకుంటూ సంచులు పట్టుకుని పోయింది, ఒక పూట కాదు, వరుసగా. ఆ తర్వాత ఒకరోజు మా గుమ్మం ముందుకు వచ్చి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడింది. ముంజేతులు రెండూ ఎర్రగా దద్దురెక్కి ఉన్నాయి. మెడ మీద కూడా. గీరుకుంటూ అరిచింది.

"సూడుండ్రి! మీ కుక్క గజ్జి నాకంటింది! చెప్తనే ఉన్న, ఇన్నరా? దసరా లోపల కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె."

గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. నేను పల్లి మెడకున్న గిన్నె పట్టుకుని తలుపు వెనక ఉన్నాను. పల్లికి గజ్జి లేదు అన్న వాక్యం నా నోట్లోనే ఉంది. బయటికి రాలేదు. అమ్మ అందరి ముందూ తలవంచి, "పంపిస్తం అక్కా" అంది.

కాకకు ఫోన్ చేశారు. షాద్‌నగర్ అవతల, ఫ్యాక్టరీల దగ్గర వదిలేస్తానన్నాడు. "గాడ క్యాంటీన్లున్నయ్, బతుకుతది." మెడకు గిన్నె, గీసిన ఒళ్లు, లారీల రోడ్డు. బతుకుతుందట. నేను తిండి మానేశాను. అమ్మతో మాటలు మానేశాను. మానేయడానికి నా దగ్గర అవే ఉన్నాయి.

ఇంతలో వెంచర్‌లో జేసీబీ దిగింది. ఓనరమ్మ ప్లాటులో మొక్కలన్నీ వేళ్లతో పెకిలించి, కుప్ప పోసి తగలబెట్టారు. పండుగ ముందు శుభ్రం చేయిస్తోందేమో అనుకున్నాం. ఆ సాయంత్రం రజియా ఆంటీ గోడ దగ్గరికి పిలిచింది.

"ఒక మాట చెప్త. నా పేరు రానియ్యకు. ఆమెతోని చర్మం డాక్టర్ దగ్గరికి తోడు పోయిన. డాక్టర్ చెయ్యి చూసిండు, చూడంగనే అన్నడు, వయ్యారిభామ చెట్టు తగిలిందని. గునుగు తెంపేతప్పుడు. కుక్కతోని కాదని గట్టిగ చెప్పిండు. నేనుంటిని గద, నా చెవులతోని విన్న."

"ఎప్పుడు ఆంటీ?"

"ఆమె మీ ఇంటి ముంగట లొల్లి చేసిన మర్నాడు."

మర్నాడు. అంటే అన్ని రోజులూ తెలిసే ఊరుకుంది. ఆ తెల్లపూల మొక్కే వయ్యారిభామ. అంత విషానికి అంత ముద్దు పేరు ఎవరు పెట్టారో. పొట్టకు, చంకలకు, పాదాలకు, మూతికి తగిలేది అదే. నేను నిండా కప్పుకుని బూట్లు వేసుకుని పోయేదాన్ని కాబట్టి నాకు ఏమీ కాలేదు. గల్లీలో తిప్పవద్దని అక్కడికి తోలింది ఆమె. ఆ ప్లాటు ఆమెది. మొక్కలను పెరగనిచ్చింది ఆమె. పల్లికి గజ్జి కుక్క అని పేరు పెట్టింది ఆమె. తనకు తగలగానే జేసీబీ తెప్పించింది, మా కుక్క విషయంలో మాత్రం నోరు విప్పలేదు.

అమ్మకు చెప్పాను. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ వింది.

మర్నాడే కాక బండి తెచ్చాడు. అదే సమయానికి ఓనరమ్మ జాకెట్ కోసం దిగింది. దద్దుర్లు కనబడకుండా నిండు చేతుల జాకెట్ కుట్టమని అంతకుముందే ఇచ్చి ఉంది. అమ్మ కుట్టి, ఇస్త్రీ చేసి మడిచి పెట్టింది.

"ఇంక పోలేదా గది?" అంది ఓనరమ్మ పల్లిని చూసి.

"చేతులెట్లున్నయ్ అక్కా?" అంది అమ్మ.

"తగ్గుతున్నయ్."

"దవాఖాన్ల ఏం జెప్పిండ్రు?"

"ఏం జెప్తరు? గజ్జి అన్నరు."

"గజ్జికి జేసీబీ పెడ్తరా అక్కా?"

ఓనరమ్మ గీరుకోవడం ఆపింది. "ఎవలు జెప్పిండ్రు నీకు?"

"జేసీబీ చప్పుడు ఊరంత ఇనొచ్చింది. ఒకలు జెప్పాల్నా?"

ఆమె ముఖంలో సిగ్గు కోసం వెతికాను. లేదు. తప్పు దొరికిపోయినప్పుడు మనుషులు ఎలా ఉంటారో పుస్తకాల్లో చదివి నేను అనుకున్నది వేరు.

"అయితే ఏంది?" అంది. "నా జాగ, నా ఇల్లు. నాకు కుక్కంటే పడది, మొదటికెళ్లి పడది. ఉంచుకునేదుంటె ఖాళీ చేసి పోండి."

అమ్మ జాకెట్ ఆమె చేతిలో పెట్టింది. "పోతం. ఇగ గజ్జి అని మాత్రం అనకుండ్రి. అంటె, బతుకమ్మ కాడ అందరి ముంగట మీ డాక్టర్ మాట నేనే చెప్త."

ఓనరమ్మ మెట్లెక్కిపోయింది. గుమ్మంలో కాక అటూ ఇటూ చూశాడు.

"వదినా, ఇగ బండ్ల కుక్కను ఎక్కియ్యాల్నా, సామాన్లు ఎక్కియ్యాల్నా?"

"సామాన్లు. దసరా అయినంక రా."

"మరి గియ్యాల ఊకెనే వచ్చిన్నా?"

"చాయ్ తాగి పో."

నేను లోపలికి వెళ్లి పల్లి మెడ చుట్టూ ఉన్న గిన్నెలో ముఖం పెట్టి ఏడ్చాను. అది నా చెవి నాకింది.

ఇప్పుడు

రావిర్యాల వైపు మారాం. ఇల్లు చిన్నది. నాన్నకు డ్యూటీ దూరమైంది, ఆ మాట రోజూ అంటాడు, అంటూనే పల్లికి రొట్టె ముక్క వేస్తాడు. ఇక్కడా ఖాళీ జాగాలున్నాయి, వయ్యారిభామ లేని చోటు ఈ చుట్టుపక్కల ఎక్కడుంది? అందుకే రోడ్డు అంచునే తిప్పుతాను. తిరిగి వచ్చాక పాదాలు, పొట్ట మామూలు నీళ్లతో కడిగి, వేళ్ల సందులు కూడా ఆరేలా తుడుస్తాను. మన సబ్బులు వాడను, డెటాల్ తాకనివ్వను, పిడుదుల మందు తప్పించను. ఒకసారి పాదం నాకడం కనబడింది. ఎవరి సలహా అడగకుండా డాక్టరమ్మ దగ్గరికి పోయాను. మాత్రలతో తగ్గింది. మీ కుక్క గీరుతుంటే ఎక్కడ గీరుతోందో చూడండి. వీపా, పొట్టా, చెవులా, తోక మొదలా. అది తన మాట తను చెబుతూనే ఉంటుంది. దవాఖానలో అడగండి, గల్లీలో అడగకండి. ఎవరైనా డబ్బా పట్టుకుని వస్తే గేటు వేసేయండి, సొంత కాక అయినా సరే.

కాక ఇప్పటికీ "ఊర్ల పనిజేస్తది" అంటాడు. వాదించను. పల్లితో ఒంటరిగా వదలను, అంతే.

పోయిన వారం శంషాబాద్ అంగడికి వెళ్లాం, పల్లిని కూడా తీసుకుని. కూరగాయల దగ్గర ఓనరమ్మ ఎదురుపడింది. పొట్టి చేతుల జాకెట్. ముంజేతుల మీద దద్దుర్లు పోయి నల్లటి మరకలు మిగిలాయి. పల్లి ఆమెను గుర్తుపట్టింది. గుర్తుపట్టి, బుద్ధి లేనిది, తోకాడించింది. ఒళ్లంతా ఊగేలా ఆడించింది.

"అరె, మంచిగైందే!" అంది ఆమె, నిన్న మొన్న విడిపోయిన చుట్టంలా. వంగి చెయ్యి చాపింది. "గజ్జి మొత్తం తగ్గిందా పిల్లా?"

చుట్టూ జనం. కూరగాయలామె తూకం ఆపి చూస్తోంది. తలూపి వచ్చేయడం నాకు అలవాటైన పని.

"దానికి గజ్జి లేదు, ఆంటీ," అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "మీకు తగ్గిందా?"

ఆమె చెయ్యి గాలిలోనే ఆగింది. కూరగాయలామె ఆ చేతి మీది మరకలను చూసింది. ఓనరమ్మ కొంగు లాక్కుని చెయ్యి కప్పుకుంది.

పల్లి ఇంకా ఆమె వైపే లాగుతోంది, తోకాడిస్తూనే. నేను తాడు పొట్టిగా పట్టుకుని నడిచాను.